సారసం జోల

దసరా సెలవులిచ్చారంటే కొల్లేటి గట్టు మీది పిల్లలందరికీ పండగ. మందాకినికి మాత్రం గుండెల్లో దడ. వానలు వెనకపట్టి ఎండ తెల్లగా కాసే ఆ రోజుల్లోనే ఆమె కూతురు ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది.

ఇందీవరకి ఎనిమిదేళ్ళు. ఏడాది పొడుగునా అందరి పిల్లల్లాంటి పిల్లే. జామకాయల కోసం పేచీ పెడుతుంది, ఎక్కాలు ఎగ్గొడుతుంది, నాయనమ్మ కళ్ళజోడు దాచేసి కిసుక్కున నవ్వుతుంది. ఆశ్వయుజం వచ్చిందంటే ఆ పిల్ల ఎటో పోయి, ఆ ఒంట్లోకి ఇంకెవరో వచ్చినట్టుంటుంది. తింటున్న కంచం ముందు నుంచి లేచి నడక మొదలుపెడుతుంది. ఎప్పుడూ దక్షిణం వైపే. కాళ్ళకి చెప్పులుండవు, పిలిస్తే పలకదు. నిరుడు అలాగే నడుస్తూ నడుస్తూ చేపల చెరువులోకి దిగిపోయింది. గట్టు చుట్టూ తిరిగి వెళ్ళచ్చన్న ఆలోచనే ఆ పిల్లకి రాలేదు. తండ్రి ప్రసాద్ బట్టలతోనే దూకి ఒడ్డుకి లాక్కొచ్చాడు. మింగిన నీళ్ళన్నీ కక్కి, కళ్ళు తెరిచి, మళ్ళీ లేచి అదే చెరువులోకి నడవబోయింది.

అందుకని ఈ ఏడు ముందుగానే గదిలో పెట్టి గడియ వేశారు. భీమవరం డాక్టరు దాన్ని నిద్రలో నడక అన్నాడు. పట్టపగలు కళ్ళు తెరుచుకుని నడిచేది ఏం నిద్రో ఆయనే చెప్పాలి. గడియ తీసి చూసేసరికి పిల్ల దక్షిణం గోడకి ఎదురుగా నిలబడి ఉంది. అడుగు వేస్తుంది, గోడ తగులుతుంది, మళ్ళీ అడుగు వేస్తుంది. నుదురు చిట్లి, నెత్తురు ముక్కు మీదుగా కారి గౌను తడిసిపోయింది. ఏడుపు మాత్రం లేదు.

"దీనికేదో గాలి సోకిందే అమ్మాయ్, నే సెప్తే ఇనరు మీరు," అంది అత్తగారు నాంచారమ్మ, పసుపు తెచ్చి గాయం మీద అద్దుతూ. "మావుళ్ళమ్మకి సీర పెడతానని మొక్కుకున్నాను. ఆ తల్లే సూసుకోవాల."

మందాకిని మామూలుగా ఇలాంటి మాటలకి నవ్వి ఊరుకునేది. ఆమె చదివింది పక్షుల మెదడు గురించి, చేసేది కొల్లేటి అంచున ఉన్న బెగ్గురు కొంగల కేంద్రంలో పరిశోధన. ఆ రోజు నవ్వు రాలేదు. సరిగ్గా అప్పుడే మబ్బొకటి వచ్చి ఎండని కప్పేసింది. ఇందీవర గోడ దగ్గర నుంచి ఇటు తిరిగి, చతికిలబడి, "అమ్మా, ఆకలేస్తోంది. మజ్జిగన్నం పెట్టవా?" అంది, అంతవరకూ ఏమీ జరగనట్టు.

ఎండ ఉంటే దక్షిణానికి నడవడం, మబ్బేస్తే కూలబడటం మందాకిని ఇదివరకు చూసింది. మనుషుల్లో కాదు.

బెగ్గురు కేంద్రంలో రెండు జాతుల పక్షులుండేవి. ఒకటి మన సారసం. మనిషంత ఎత్తు, బూడిద రంగు ఒళ్ళు, ఎర్రటి మెడ. జోడు కట్టిందంటే ఆ మడి విడవదు, ఆ జోడు విడవదు. రెండోది అమెరికా నుంచి వచ్చిన తెల్ల బెగ్గురు. కెనడా చిత్తడి నేలల్లో పుట్టి, చలి మొదలవగానే టెక్సాస్ సముద్రతీరానికి ఎగిరి వెళ్ళి, వసంతంలో తిరిగి వెళ్ళే జాతి అది. పిల్లలకి దారి పుట్టుకతో రాదు, తల్లిదండ్రులు ముందు ఎగిరి చూపించాలి. రోగమొకటి వచ్చి అక్కడి అడవుల్లో ఆ జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోయాక, దాచి ఉంచిన గుడ్లు కొన్ని మిగిలాయి. పొదిగి పిల్లల్ని లేపచ్చు, సరే. దారి చూపించేదెవరు?

దానికి జవాబు కనిపెట్టింది కేంద్రం పెద్ద శేషగిరి. పొదిగే తల్లి గుడ్డుతో సన్నగా మూలుగుతున్నట్టు ఒక శబ్దం చేస్తుంది. అది సారసమూ చేస్తుంది, తెల్ల బెగ్గురూ చేస్తుంది. పాత రికార్డులు వెదికి తెచ్చి, ఆయన ఆ రెండు శబ్దాల్నీ పక్కపక్కన పెట్టి ఏళ్ళ తరబడి పోల్చాడు. కదలని పక్షి శబ్దంలో లేనిదీ, వలసపోయే పక్షి శబ్దంలో ఉన్నదీ ఏదో అదే దారి అని తేల్చాడు. దాన్ని వినిపించడానికి అరచేతిలో పట్టేంత యంత్రం చేసి, జోలపెట్టె అని పేరు పెట్టాడు. గుడ్డులో ఉన్న పిల్ల ఆ జోల వింటే చాలు, ఎన్నడూ చూడని దారి దానికి తెలిసిపోతుంది.

పెట్టె ఊరికే గుడ్డు పక్కన పెడితే పనిచేయలేదు. ఒంటి వెచ్చదనం కావాలి, ఊపిరి కదలిక కావాలి. అందుకని గుడ్డునీ పెట్టెనీ జోలెలో వేసి ఒక మనిషి పొట్టకి కట్టుకుని కూర్చోవాలి. మందాకిని ఆ పనికి ఒప్పుకుంది. అప్పుడామెకి ఆరో నెల. "పొదిగే తల్లి దగ్గరే పొదుగుడు పెట్టాం, ఇంకేం కావాలి!" అని శేషగిరి మురిసిపోయాడు, అందరూ నవ్వారు.

ఎన్ని జాగ్రత్తలని! మనిషి రూపం పిల్లలకి తెలియకూడదని తల నుంచి పాదాల దాకా తెల్లటి ముసుగు, చేతికి బెగ్గురు తల ఆకారంలో తొడుగు. ఆ పాకలో మాట్లాడకూడదు, దగ్గకూడదు, తుమ్ము వస్తే ముక్కు నొక్కుకుని బయటికి పరిగెత్తాలి. పౌడరు వాసన కూడా రాకూడదు. మందాకిని రోజంతా అలా మూగగా కూర్చుని, ఇంటికొచ్చాక కూడా కాసేపటి దాకా మాట రాక ప్రసాద్‌కి సైగలు చేసేది. ఆయన కూడా సైగలతోనే అన్నానికి పిలిచేవాడు, ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవాళ్ళు.

పిల్లలు లేచాయి, పెరిగాయి, రెక్కలొచ్చాయి. చలి మొదలవకముందే వాటిని కెనడా పంపాలి, అక్కడి నుంచి అవే ఎగిరి వెళ్ళాలి. పక్షుల రోగం భయంతో వాటిని తీసుకెళ్ళే విమానాలు ఆపేశారు. ఒకనాడు ఎండ బాగా కాసింది. పిల్లలన్నీ వల చింపుకుని ఒక్కసారిగా లేచి, కొల్లేరు దాటి, సముద్రం మీదికి వెళ్ళిపోయాయి. దారి వాటి తలలో ఉంది, దారి కింద ఉండాల్సిన నేల మాత్రం ఇంకో ఖండంలో ఉంది. కాళ్ళకి కట్టిన యంత్రాల సంకేతాలు ఒక్కొక్కటీ ఆగిపోతుంటే మందాకిని ఒళ్ళో చంటిపిల్లని పెట్టుకుని తెర మీద చూస్తూ కూర్చుంది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిలా ఏడ్చింది. ఒళ్ళో ఉన్న పిల్ల మాట ఆమెకి తట్టనే లేదు.

ఇప్పుడు తట్టింది.

మర్నాడు పొద్దున్నే ఇందీవరని తీసుకుని కేంద్రానికి వెళ్ళింది. అక్కడొక గుండ్రటి పాక ఉంది. కిటికీలుండవు, పైకప్పు మాత్రం అద్దం. నేల మీద తడి ఇసక పరుస్తారు. బెగ్గురు పిల్లల్ని మధ్యలో వదిలితే అడుగులు ఎటు పడితే అటు వాటి దారి. ఆ ఇసక మీద ఇదివరకు మూడు వేళ్ళ గుర్తులే పడేవి.

"ఒప్పులకుప్ప ఆడదామా?" అంది మందాకిని.

"ఇక్కడా? నువ్వూ నేనా?" పిల్ల ముఖం విప్పారింది. తల్లి ఆటకి పిలవడం అరుదు మరి.

కళ్ళకి గంతలు కట్టి, చేతులు పట్టుకుని గిరగిరా తిప్పింది. ఇందీవర కేరింతలు కొడుతూ తిరిగింది. మబ్బు విడిపోయి అద్దంలోంచి ఎండ పడగానే కేరింతలు ఆగిపోయాయి. మందాకిని చేతులు వదిలేసింది. పిల్ల తూలకుండా, తడుముకోకుండా దక్షిణం గోడ దగ్గరికి నడిచింది. వెనక్కి తీసుకొచ్చి మళ్ళీ తిప్పింది. మళ్ళీ అటే. కళ్ళు మూసి ఉన్నా ఎండ వెచ్చదనం ఏ చెంప మీద పడుతోందో ఆ ఒంటికి తెలుసు. మందాకిని తాడు లాగి పైకప్పు మీద తెర మూసింది. ఇందీవర ఇసకలో కూర్చుండిపోయి గంతలు లాగేసుకుని, "అయిపోయిందా అమ్మా?" అంది.

గుమ్మంలో శేషగిరి నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఆయన పిల్లకేసి కాదు, ఇసక మీద ఐదేసి వేళ్ళతో ఒకే వైపుకి పడిన చిన్న చిన్న అడుగులకేసి చూస్తున్నాడు.

"జోలపెట్టె ఎవరి పొట్ట మీద కట్టారు సార్?" అంది మందాకిని. "దీని చెవికి ఎంత దూరంలో ఉందది?"

శేషగిరి గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. తెల్లచొక్కాకి తడి ఇసక అంటుకున్నా చూసుకోలేదు. "పిట్టలకి మన గాలి సోకకూడదని చూశామమ్మా. అదొక్కటే చూశాం. మనకి వాటి గాలి సోకుతుందని..." అని ఆగిపోయాడు. నాంచారమ్మ అన్న మాటే ఈ పెద్దమనిషి నోట కూడా వచ్చింది.

ఆయన దగ్గర ఒకటే మందు ఉంది. సారసం జోల. తరవాతి విడతలో మిగిలిన తెల్ల బెగ్గురు పిల్లలకి ఆయన అది వినిపించాడు. ఆ పిల్లలు వెళ్ళలేదు. ఆవరణలోనే ఉన్నాయి, ఇంకా ఉన్నాయి. వాటిని పక్క దొడ్డిలోకి మారిస్తే మాత్రం మేత మానేసి మెడలు వేలాడేశాయి. మళ్ళీ పాత చోటికి తెచ్చాకే మేత ముట్టాయి.

"ఎక్కడ వింటే అక్కడే ఉండిపోతుంది," అన్నాడు. "బడికి, ఊరికి, ఇంకెక్కడికీ... ఏమో. చెప్పలేను. మీ ఇష్టం అమ్మా."

మందాకిని ఆ సాయంత్రం దాకా రెండు దొడ్ల మధ్య నిలబడింది. ఇటు సారసాల జంట, పగిలిపోయిన గుడ్డు పెంకుల దగ్గర కదలకుండా కాపలా కాస్తోంది. పెంకుల్లో ఏమీ లేదని వాటికి ఎవరు చెప్పాలి? అటు తరవాతి విడతలో దారి జోల మాత్రమే విన్న తెల్ల బెగ్గురొకటి కంచె వెంబడి అటూ ఇటూ తిరుగుతోంది, మేత వంక చూడటం లేదు. ఒకదానికి ఉండటం తప్ప తెలియదు, ఇంకోదానికి పోవడం తప్ప తెలియదు. ఈ రెండిట్లో తన కూతురు ఏదవ్వాలో తను ఎంచాలి. ఆమెకి అక్కడే కూర్చుని బావురుమని ఏడవాలనిపించింది.

ఇంట్లో విషయమంతా చెప్పింది. నాంచారమ్మ ముక్కున వేలేసుకుని, "ఎవరికీ సెప్పమాక," అని మాత్రం అంది. ప్రసాద్ ఐసు ఫ్యాక్టరీలో మేనేజరు, మాటలు తక్కువ మనిషి.

"ఇంటి పట్టున ఉంటే చాలు మందా," అన్నాడు. "చెరువులోంచి ఎత్తుకొచ్చింది నేను. ఆ రోజు దాని బరువు ఎంతుందో నీకు తెలీదు. నాకింకా చేతుల్లో తెలుస్తూనే ఉంది."

"జన్మంతా ఈ నాలుగ్గోడల్లో ఉండిపోతే?"

"జన్మంటూ ఉండాలిగా ముందు."

మందాకిని లేచి వెళ్ళి శేషగిరికి ఫోన్ చేసింది.

మూడు పూటల తరవాత శేషగిరి స్వయంగా పెట్టె తెచ్చాడు. గుడ్డుకి సరిపోయే శబ్దం ఎనిమిదేళ్ళ పిల్లకి చాలదని బాగా పెంచాడు. నడిమింట్లో చాప వేసి పిల్లని పడుకోబెట్టారు. "పెద్దవాళ్ళ మెదడు గట్టిపడి ఉంటుంది, దీనికి లొంగదు. అయినా అందరూ వీధరుగు మీదికి వచ్చేయండి," అన్నాడాయన.

అందరూ లేచారు. ఇందీవర మందాకిని కొంగు పట్టుకుంది. "అమ్మా, నువ్వెళ్ళకు. నాకు భయమేస్తోంది."

ఏ తల్లి వెళుతుంది? మందాకిని చాప మీద కూర్చుని, పిల్లని ఒళ్ళోకి తీసుకుని, పెట్టెని ఇద్దరి మధ్య పెట్టుకుంది. చేతులు వాటంతట అవే దాన్ని పొట్టకి ఆనించి అదిమాయి. ఏళ్ళ కిందటి అలవాటు. శబ్దం మొదలైంది. దూరంగా ఎక్కడో రైసు మిల్లు ఆడుతున్నట్టుంది. చెవులకి వినిపించేది కొంచెం, ఎముకల్లో తెలిసేది ఎక్కువ. ఇందీవర నిద్రపోయింది. మందాకినికి కూడా కళ్ళు మూతలు పడ్డాయి. ఆ ఇంటి గచ్చు, దూలాలు, గుమ్మానికి రాసిన పసుపు అన్నీ తనకి చాలా కావలసినవిగా తోచాయి.

ఆ మర్నాడే బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. ఆకాశం నల్లగా దిగిపోయి రోజుల తరబడి ముసురు. కొల్లేరు పొంగి రోడ్లు మునిగాయి. ఫ్యాక్టరీ మూశారు, బడులు తెరవలేదు. ఇంట్లో అందరూ ఇంట్లోనే. ఇందీవర నడవలేదు. దక్షిణం గోడ వైపు చూడనన్నా చూడలేదు. నాంచారమ్మ పకోడీలు వేసింది, ప్రసాద్ కూతురితో అష్టాచెమ్మా ఆడి కావాలని ఓడిపోయాడు. శేషగిరి ఫోన్ చేసి, "ఎలా ఉందమ్మా?" అని అడిగితే, "ఉంది సార్, ఇక్కడే ఉంది," అని చెప్పి మందాకిని సంతోషంతో ఏడ్చింది. ఆయన కూడా అవతల ముక్కు చీదుకున్నాడు.

కేంద్రానికి రమ్మని కబురొస్తే, దారంతా నీళ్ళే కదా అంది. వీధిలోకి కూరలబండి వస్తే, అత్తయ్యా మీరెళ్ళండి అంది. అందులో వింతేముంది? ఆ ముసురులో గడప దాటాలని ఎవరికుంటుంది? చాన్నాళ్ళకి ఇల్లు ఇల్లులా ఉందని అనుకుంది.

ఒక పొద్దున వాన ఆగింది. మబ్బులు తూర్పుకి జరిగిపోయి, కడిగిన పళ్ళెంలా ఆకాశం బయటపడింది. పెరట్లో బట్టలారేస్తున్న మందాకిని తల మీద ఎండ చురుక్కుమంది. చేతిలో ఉన్న పిల్ల గౌను అలాగే జారిపోయింది. ఇన్నాళ్ళూ ఎండే లేదు. జోల పనిచేసిందో, మబ్బు పనిచేసిందో ఎవరు చూశారు?

ముందు వైపుకి పరిగెత్తింది. ఇందీవర అప్పటికే గేటు దాటి కాలవ రోడ్డు మీద ఉంది. చెప్పుల్లేవు. చేతులు కొంచెం వెనక్కి పెట్టుకుని, మెడ ముందుకి చాచి నడుస్తోంది.

"ఇందూ!"

మందాకిని గేటు దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆమెకే తెలియలేదు. కాలెత్తింది. కాలు గేటుకి ఇవతలే దిగింది. మళ్ళీ ఎత్తింది. నొప్పి లేదు, భయం లేదు. చెయ్యి తీసి నిప్పులో పెట్టమంటే ఒళ్ళు ఎలా ఒప్పుకోదో అలా ఒప్పుకోవడం లేదు. వెనక ఇల్లుంది. ఇల్లు విడిచి ఎలా వెళ్ళడం? కన్నకూతురు కళ్ళ ముందు వెళ్ళిపోతోంది, పాదాలు మాత్రం మట్టిలో దిగేసినట్టున్నాయి. గుడ్లు పొదిగిన పాకలో చేసిన తప్పే మళ్ళీ చేశామని ఆమెకి అప్పుడర్థమైంది. పెట్టె వినేది ఎవరో చూశారు, పెట్టె పట్టుకున్నది ఎవరో ఈసారి కూడా చూడలేదు. పిల్ల మెదడులో ముందే దారి నిండి ఉంది, జోలకి చోటు దొరకలేదు. తన దగ్గర దొరికింది.

"ఏవండీ!" అని గావుకేక పెట్టింది.

ప్రసాద్ ఇంటి మీద పెంకులు సర్దుతున్నవాడు నిచ్చెన దిగి ఉరికాడు. పిల్లని అందుకుని భుజాలు పట్టుకున్నాడు. ఇందీవర పెనుగులాడలేదు, ఆయన చేతుల మధ్య నిలబడే అడుగులు వేస్తోంది. "ఎక్కడికమ్మా? ఎక్కడికెళ్తున్నావు?" అని ఆయన మోకాళ్ళ మీద కూర్చుని అడిగాడు.

"అమ్మ దగ్గరికి," అంది ఇందీవర. ఈ నడకలో పిల్ల మాట్లాడటం అదే మొదలు.

"అమ్మ అదుగో, గేటు దగ్గరుంది కదమ్మా!"

"లేదు నాన్నా. అమ్మ ముందెళ్ళిపోతోంది. వదులు."

ప్రసాద్ బిత్తరపోయి భార్య వైపు తిరిగాడు. "నిలబడి చూస్తావేంటి మందా? రా! ఇటు పట్టుకో!"

"రాలేనండీ." మందాకిని గేటు ఊచలు రెండు చేతులా పట్టుకుంది. "సారసం జోల దానికి పట్టలేదు. నాకు పట్టింది."

ఆయనకి అర్థం కావడానికి కొంచెం పట్టింది. అర్థమయ్యాక పిల్లని ఎత్తుకుని ఇంటి వైపు రెండడుగులు వేశాడు. మందాకిని చెయ్యి అడ్డంగా ఊపింది.

"లోపలికి తేకండి. మళ్ళీ గోడకి గుద్దుకుంటుంది. నా కళ్ళ ముందే తల పగలగొట్టుకుంటుంది." చేత్తో కాలవ రోడ్డు చూపించింది. "దాంతో వెళ్ళండి. చెరువు అడ్డమొస్తే ఎత్తుకుని చుట్టూ తిప్పండి. సముద్రం దాకా వెళితే గట్టు వెంబడే తీసుకెళ్ళండి. మబ్బేస్తే కూర్చుంటుంది, అప్పుడు అన్నం పెట్టండి. చలికాలం పోయాక తెల్ల బెగ్గుర్లు వెనక్కి మళ్ళుతాయి. ఇదీ మళ్ళుతుంది. మళ్ళాలి."

"నువ్వో?"

"నేనెక్కడికి పోతానండీ? ఇక్కడే ఉంటాను."

నాంచారమ్మ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. కొడుకుని చూసింది, కోడలిని చూసింది. ఏమీ అడగకుండా వెనక్కి వెళ్ళి చెప్పులూ, నీళ్ళసీసా, పిల్లకి స్వెట్టరూ తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. ప్రసాద్ కూతుర్ని కిందికి దింపాడు. దింపగానే నడిచింది. ఆయన రెండుసార్లు ఆగి భార్యని చూసి, పిల్ల దూరమైపోతుంటే అటు పరిగెత్తాడు.

వలస దారిలో తెల్ల బెగ్గురు పిల్ల వెనక్కి తిరిగి చూడదు. దాని తల్లి ఎప్పుడూ ముందే ఎగురుతూ ఉంటుంది, వెనక చూడాల్సిన పని దానికి లేదు. ఇందీవర కూడా చూడలేదు. తూము దాటి, తాటితోపు మలుపు తిరిగి, తండ్రీకూతుళ్ళు కనుమరుగయ్యేదాకా మందాకిని గేటు పట్టుకుని నిలబడింది. ఆ తరవాత కూడా అక్కడే నిలబడి ఉంది.